కేసీ కాలువ అంచనాలు: ఒక నష్టపు లెక్క చరిత్ర

పెద్ద నిర్మాణం ఏదైనా తలపెట్టినప్పుడు దానికి ఎంత ఖర్చవుతుంది, ఎంతకాలం పడుతుంది, పూర్తయ్యాక ఎంత రాబడి వస్తుంది, ఎక్కడెక్కడ దెబ్బ తినవచ్చు అని ముందుగా వేసుకునే లెక్కకు అంచనా అని పేరు. అంకెల్లో ఉంటుంది కనుక అంచనా పైకి గణితంలాగే కనిపిస్తుంది గాని, ఆ అంకెలను ఎంచుకున్న మనిషి కోరికలు, భయాలు, పాత అనుభవాలు, అతని చేత ఆ పని చేయించుకుంటున్నవారి ఆశలు వాటిలో ఎంతవరకు కలిసిపోయాయో ఆ కాగితంలో ఎక్కడా రాసి ఉండదు. ఇలా ఆలోచన తెలియకుండానే ఒక పక్కకు ఒరగడాన్ని మొగ్గు అనుకుంటే, అది మోసానికి భిన్నమైనది. మోసగాడికి తన లెక్క తప్పని తెలుసు, మొగ్గు ఉన్నవాడు తన లెక్కను మనసారా నమ్ముతాడు, అందుకే అతని మాట ఎదుటివారిని మరింత తేలికగా ఒప్పిస్తుంది. ఈ మొగ్గును తగ్గించుకోవడం ఎలాగన్నది నేటి ప్రాజెక్టు నిర్వహణలో ఒక ప్రత్యేక విద్యగా ఎదిగింది. అయితే ఆ విద్యకు పేరు పెట్టడానికి వందేళ్లకు ముందే, దాని అవసరాన్ని భారీ మూల్యంతో తెలియజెప్పిన సందర్భం రాయలసీమలో జరిగింది. అది కర్నూలు–కడప కాలువ, అంటే ఆ ప్రాంతంవారు కేసీ కాలువ, కేసీ కెనాల్ అని పిలుచుకునే కాలువ నిర్మాణం.

కేసీ కాలువ కథ గోదావరి దగ్గర మొదలవుతుంది. 1832–33 నాటి డొక్కల కరువు, 1839లో కోరంగి తీరాన్ని ముంచెత్తిన తుపాను, వాటికి తోడు శిస్తు వసూళ్ల భారం కలిసి రాజమండ్రి జిల్లాను ఎంత దెబ్బతీశాయంటే, 1821 ప్రాంతంలో సుమారు 7.38 లక్షలున్న జిల్లా జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. జిల్లా పరిస్థితిని విచారించడానికి వచ్చిన సర్ హెన్రీ మాంట్‌గొమరీ 1844లో ఇచ్చిన నివేదికలో ఇక్కడికి నీటిపారుదల తెలిసిన ఇంజనీరును పంపాలని సూచించగా, అప్పటికే తంజావూరు ప్రాంతంలో కొల్లిడం నదిపై ఆనకట్టలు కట్టి పేరు తెచ్చుకున్న ఆర్థర్ కాటన్ ఆ పనికి నియమితుడయ్యాడు. నది అడుగున రాయి తగలకపోయినా ఇసుక మీదనే పునాది నిలబెట్టవచ్చునన్నది కాటన్ కావేరిపై ఉన్న ప్రాచీన కల్లణై నుంచి నేర్చుకున్న పాఠం, ఆ సంగతిని అతడు దాచుకోలేదు. 1846 డిసెంబరులో కంపెనీ డైరెక్టర్ల ఆమోదం లభించింది. 1847లో పని మొదలై 1852లో ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాల ఆనకట్ట పూర్తయింది. ఆ వెనువెంటనే కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో బెజవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట 1855కు సిద్ధమైంది.

గోదావరి పని కూడా మొదటి అంచనాలో ఇమడలేదు. ఆనకట్టకు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ ఖర్చయింది, కాలువల పని ఆ తరువాత దశాబ్దాల పాటు సాగుతూ ఖర్చును పెంచుతూనే పోయింది. కాని డెల్టా పొలాలు పండాయి, శిస్తు పెరిగింది, జనం తిరిగి వచ్చారు. దాంతో తొలి లెక్క తప్పిందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. ఫలితం బాగుంటే పద్ధతి కూడా బాగున్నట్టే తోచడం మనుషుల స్వభావం. దీనికంటే తీవ్రమైన పరిణామం మరొకటి ఉంది. గోదావరి పథకాన్ని మొదట్లో శంకించిన అధికారులు కొందరున్నారు, వారి శంకలు తేలిపోయాయి. ఆపైన కాటన్ ఏ ప్రతిపాదన చేసినా దాన్ని సందేహించడమంటే గోదావరి నాడు పొరబడినవారి వరుసలో చేరడమే అన్నట్టయింది. ఒక విజయం కాటన్ పలుకుబడిని ఎంత పెంచిందో, అతన్ని ప్రశ్నించగలవారి పలుకుబడిని అంత తగ్గించింది. నష్టాల అంచనాలో ఇది మామూలుగా లెక్కకు రాని నష్టం.

1854లో వెలువడిన తన ‘పబ్లిక్ వర్క్స్ ఇన్ ఇండియా’ గ్రంథంలోనూ ఆ తరువాతి రచనల్లోనూ కాటన్ వాదించినది స్థూలంగా ఇది: ఈ దేశానికి రైలు మార్గాల కంటే నీటి మార్గాలు చవక, ఒకే కాలువ పొలాలను తడపగలదు, సరకు పడవలనూ మోయగలదు. వాదంలో బలం ఉంది. కాని దానికి సాక్ష్యంగా చూపిన అనుభవమంతా డెల్టాలది. డెల్టాలో నేల ఒండ్రు, వాలు చాలా తక్కువ, ఊళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, రైతుకు వరి సాగు తరతరాలుగా తెలుసు. అక్కడ కొరవడినది వేళకు అందే నీరు ఒక్కటే. తుంగభద్రకు దిగువన కర్నూలు, నంద్యాల, కడపల మీదుగా పోయే మెట్ట సీమలో ఈ నాలుగింటిలో ఒక్కటీ డెల్టాలో ఉన్నట్టు లేదు. డెల్టా విజయాన్ని మెట్టకు హామీగా తీసుకోవడం అన్న మొదటి పొరపాటు అంకెలు రాయకముందే జరిగిపోయింది.

1858లో లండన్‌లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఏర్పడింది. తుంగభద్ర నీటిని మళ్లించి నెల్లూరు తీరం దాకా పారుదలకూ పడవలకూ పనికివచ్చే కాలువల వ్యవస్థను నిర్మించాలన్నది దాని తొలి సంకల్పం. వాటాలు కొనేవారిని ఆకర్షించడానికి ప్రభుత్వం 10 లక్షల పౌండ్ల మూలధనంపై ఏడాదికి 5 శాతం వడ్డీకి హామీ ఇచ్చింది. హామీ అంటే కాలువ ఆదాయం అంతవరకు రాకపోతే ఆ లోటును భారత ప్రభుత్వ ఖజానా, అంటే ఇక్కడి రైతు కట్టే శిస్తు, పూడ్చడమన్న మాట. కాలువలో నీరు పారినా పారకపోయినా లండన్ వాటాదారుకు 5 శాతం అందుతుంది. మొత్తం మీద ఏడాదికి 50 వేల పౌండ్లు, ఆనాటి మారకంలో సుమారు 5 లక్షల రూపాయలు. రైలు కంపెనీలకు అంతకుముందే ఇచ్చిన హామీకి ఇది నకలు. ఆ హామీ ఉన్నంతకాలం తన సొమ్ము ఇటుకా సున్నంగా మారిందో హుగ్లీ నదిలో మునిగిందో వాటాదారుకు పట్టదని, ప్రభుత్వ ఆర్థిక వ్యవహారాలు చూసిన మాసీ అనే ఉన్నతాధికారి 1872లో పార్లమెంటు సంఘం ముందు చెప్పిన అభిప్రాయం తరువాతి చరిత్ర గ్రంథాల్లో పదేపదే కనిపిస్తుంది.

అంటే పథకాన్ని గీసినవాడు ఒకడు, సొమ్ము పెట్టినవాడు మరొకడు, నష్టం మోయవలసినవాడు ఇద్దరికీ తెలియని మూడోవాడు. నష్టం సంభవిస్తే తన చేయి కాలనివాడికి నష్టాన్ని గురించి గట్టిగా అడగవలసిన అవసరం కలగదు. అడగవలసిన అవసరం ఉన్నవాడికి అడిగే వేదిక లేదు. అయితే మొత్తం నేరాన్ని హామీ మీదికి నెట్టివేయడం కూడా సరికాదు. అదే కాలంలో కాటన్ ప్రోత్సాహంతోనే ఒరిస్సాలో ఈస్ట్ ఇండియా ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే మరో సంస్థ హామీ లేకుండానే కాలువలు తవ్వడానికి పూనుకుంది. అదీ మునిగింది, 1860ల చివర ప్రభుత్వం దాని పనులను కొనేసుకోవలసి వచ్చింది. తమ సొంత డబ్బును పణంగా పెట్టినవారు కూడా అదే ఆశకు లొంగారంటే, ఆ అంచనాల్లో కపటం కంటే నమ్మకం పాలే ఎక్కువని ఒప్పుకోవాలి. హామీ ఆ నమ్మకాన్ని పుట్టించలేదు, దానికి అడ్డుచెప్పగలిగినవారిని పక్కకు తప్పించింది.

కర్నూలుకు ఎగువన సుంకేసుల వద్ద తుంగభద్రపై ఆనకట్ట కట్టి, కర్నూలు పట్టణం దగ్గర హంద్రీ నదిని కాలువ దాటడానికి వంతెన వంటి నీటి తొట్టిని, అంటే ఆక్విడక్టును నిర్మించి, కుందూ లోయ వెంట నంద్యాల సీమను దాటించి కడప వరకు సుమారు 190 మైళ్ల పొడవున కాలువను తవ్వారు. 1860ల ఆరంభంలో మొదలైన పని నత్తనడక నడిచింది. ఎగుడుదిగుడు నేలలో నీటి మట్టాన్ని నిలబెట్టడానికి, పడవలు దిగడానికి ఎక్కడికక్కడ లాకులు కట్టవలసి వచ్చింది. వాగులు అడ్డొచ్చిన ప్రతిచోటా మరో కట్టడం తప్పలేదు. డెల్టాలో మైలు కాలువకు పట్టే ఖర్చు ఇక్కడ మైలుకు చాలదన్నది పని సగంలో ఉండగా బోధపడింది. సుంకేసుల–కడప కాలువ పూర్తికాకముందే హామీ పొందిన 10 లక్షల పౌండ్లు హరించుకుపోయాయి. 1866లో ప్రభుత్వం మరో 6 లక్షల పౌండ్లు అప్పుగా ఇచ్చి, 1871లోగా పని ముగించాలని షరతు పెట్టింది. అప్పటికే అంత సొమ్ము పోసిన పనిని మధ్యలో ఆపడం కంటే ఇంకొంత పోసి పూర్తి చేయడమే మేలన్న వాదన ఆనాడు నెగ్గింది; ఆ వాదన అటువంటి సందర్భాల్లో ఎప్పుడూ నెగ్గుతుంది, పోయిన సొమ్ము తిరిగి రాదన్న మాట మాత్రం ఎవరూ పైకి అనరు. నెల్లూరు తీరం ఊసు ఆ తరువాత ఎత్తలేదు.

కాలువ 1871లో తెరుచుకుంది. నీరు వచ్చింది, తీసుకునేవారు రాలేదు. కేసీ కాలువ చరిత్రలో అన్నిటికంటే నిలిచి చూడవలసిన ఘట్టం ఇదే.

కంపెనీ లెక్కలో ఆయకట్టును, అంటే కాలువ కింద సాగయ్యే విస్తీర్ణాన్ని, నిర్ణయించిన తీరు ఇంజనీరుకు సహజమైనదే. కాలువలో ఎంత నీరు పారుతుందో కొలిచి, ఒక కొలత నీటితో ఎన్ని ఎకరాలు తడుస్తాయో, అంటే నీటి డ్యూటీ ఎంతో నిర్ణయించి, మొదటిదాన్ని రెండోదానితో గుణిస్తే ఎకరాలు వస్తాయి. ఎకరాలను నీటి తీరువాతో గుణిస్తే రాబడి వస్తుంది. గుణకారంలో దోషం లేదు. కాని నీరు చేరగల పొలం వేరు, నీరు కావాలని రైతు అడిగే పొలం వేరు. కంపెనీ రెండింటినీ ఒకటిగా పట్టుకుంది. నది ప్రవాహాన్నీ నేల వాలునూ కొలిచారు, గోదావరి రాబడులను పక్కన పెట్టుకుని పోల్చారు. కర్నూలు రైతు తన పొలానికి నీరు పెట్టుకుంటాడా అన్నది మాత్రం కొలవవలసిన విషయంగా కాక, పెట్టుకుంటాడులే అన్న ఊహగా మిగిలిపోయింది.

ఆ రైతు దున్నే నేల రేగడి. వర్షాకాలంలో కురిసిన నీటిని నల్లరేగడి తనలో దాచుకుని, వానలు వెనుకబట్టిన తరువాత కూడా నెలల తరబడి పైరుకు అందిస్తుంది. అందుకే ఆ సీమలో తొలి వానలకు కొర్ర, ఆ తరువాత పత్తి, చివరి వానల పదునులో జొన్న వేసి, పైపదును లేకుండానే పంట తీయడం రివాజు. అటువంటి నేలకు కాలువ నీరు పెడితే మామూలు ఏడాదిలో మేలు జరగకపోగా, నీరు ఇంకక నిలిచి చేను జౌకెక్కుతుంది, గుంటక తోలడానికి వీలుండదు, ఎద్దులు దిగబడతాయి. కాలువ నీటిని లాభంగా వాడుకోవాలంటే వరికి మారాలి. వరికి మారాలంటే చేనును మడులుగా కోసి గట్లు వేయాలి, మట్టాలు సరిచేయాలి, ఎరువు పెంచాలి, నాట్లకూ కలుపుకూ ఇంతకుముందు అక్కరలేని కూలీలను వెతకాలి. జనం పల్చగా ఉన్న ఆ తాలూకాల్లో కూలీ దొరకడం అంత సులువు కాదు. ఇంత పెట్టుబడి పెట్టి, ఏటేటా తీరువా కట్టడానికి ఒప్పుకున్నాక కాలువ గండి పడి నీరు ఆగితే పోయేది ఎవరి పంట? రైతు ఈ లెక్క వేసుకున్నాడు. కంపెనీ గుమాస్తా కాగితం మీద వేసిన లెక్క కంటే ఇది ఎక్కువ పద్దులున్న లెక్క, నష్టాన్ని నిజంగా తూచిన లెక్క. ఆనాటి అధికారుల రాతల్లో దీనికి దక్కిన పేరు మాత్రం రైతుల మూఢత్వం, మార్పంటే బెదురు.

మొగ్గు గురించి మాట్లాడేటప్పుడు అది నిపుణుడికి ఉండదని, పామరుడికే ఉంటుందని అనుకోవడం పరిపాటి. కేసీ కాలువ విషయంలో పరిస్థితి తలకిందులు. తన వృత్తికి తగ్గట్టు ఇంజనీరు నీటి కొరతను ప్రతిచోటా చూశాడు. రెవెన్యూ అధికారి శిస్తు పెరుగుదలను చూశాడు, వాటాదారు 5 శాతాన్ని చూశాడు. నేల ఎరిగిన రైతు దగ్గరున్న సమాచారమే లెక్కను సరిదిద్దగలిగేది, అదే లెక్కలోకి రాలేదు. రైతుకూ తన మొగ్గు ఉంది, కాదనలేము. అలవాటైన పైరును వదలడానికి జంకు, సర్కారు తీరువా అంటే అనుమానం అతని అంచనాను రెండోవైపు ఒరిగించి ఉండవచ్చు. కాని ఎదురెదురు మొగ్గులున్నవారిని ఒకచోట చేర్చితేనే ఏది ఎంత ఒరిగిందో తెలుస్తుంది, ఒకే మొగ్గున్నవారు ఎంతమంది కూడినా లెక్క ఆ పక్కకే మరింత వంగుతుంది.

1876లో వానలు మొగం చాటేయడంతో ధాత కరువు వచ్చిపడింది. దక్షిణాదిన లక్షలాది ప్రాణాలను బలిగొన్న ఆ రెండేళ్ల కరువు దెబ్బ బాగా తిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. తుంగభద్ర పశ్చిమ కనుమల్లో పుడుతుంది కనుక, స్థానికంగా చినుకు లేని ఆ ఏడు కూడా కాలువకు కొంత నీరు అందింది. నిన్నటిదాకా వద్దన్న రైతులే నీటికి ఎగబడ్డారు, కాలువ కింద సాగు ఒక్కసారిగా పెరిగింది. వానలు మళ్లీ పడగానే తగ్గింది. కాలువ తన విలువను నిరూపించుకుందని కాటన్ పక్షం, నిరూపించుకున్నది కరువు ఏడు మాత్రమేనని ఎదుటి పక్షం వాదించుకున్నాయి. నిజానికి ఈ రెండు వాదాలూ ఒకదాన్నొకటి కొట్టివేయవు. ఆ కాలువ ఏటేటా లాభం తెచ్చే వ్యాపారంగా పనికిరాదు గాని, పదేళ్లకో ఇరవయ్యేళ్లకో వచ్చే ఆపదకు బీమాగా పనికివస్తుంది. బీమాను వ్యాపారంగా చూపించి వాటాలు అమ్మడమే అసలు పొరపాటు, ఎందుకంటే ఆనాడు బీమా కోసం అప్పు ఇచ్చేవారు లేరు, వ్యాపారానికైతే ఉన్నారు.

1878లో ఇంగ్లండు పార్లమెంటు దిగువ సభ భారతదేశపు ప్రజాపనుల విచారణకు ఒక సంఘాన్ని వేసింది. లార్డ్ జార్జ్ హామిల్టన్ అధ్యక్షత వహించిన ఆ సంఘం ముందు వయసు మళ్లిన కాటన్ హాజరై, తన పాత వాదాన్ని ఏమాత్రం సడలించకుండా, దేశమంతా పడవ కాలువలు నిర్మించాలన్నాడు. సంఘానికి నమ్మకం కుదరలేదు. మద్రాసు కంపెనీ గతిని హెచ్చరికగా తీసుకుని, ఉత్పాదక పనులకు ప్రభుత్వం ఏటా చేసే అప్పుకు 25 లక్షల పౌండ్ల హద్దు పెట్టాలని సూచించింది. 1882లో ప్రభుత్వం కంపెనీ నుంచి కాలువను కొనేసింది. వాటాదారుల హామీ అప్పటితో ముగిసింది గాని, భారం ఖజానా మీదనే ఉండిపోయింది. అప్పటికి బంగారంతో పోల్చితే వెండి ధర పడిపోయి రూపాయి విలువ తగ్గుతూ వచ్చినందున పౌండ్లలో కట్టవలసిన ప్రతి వడ్డీ రూపాయల్లో ఇంకా బరువెక్కిందన్నది ఏ అంచనాలోనూ లేని మరో దెబ్బ.

కంపెనీల దారి వదిలి, ప్రభుత్వమే అప్పు తెచ్చి కాలువలు కట్టుకోవాలని 1860ల చివరికే నిర్ణయం జరిగింది. దానితో పాటు కొన్ని కట్టుబాట్లు ఏర్పడ్డాయి. పని పూర్తయిన పదేళ్లలో దాని నికరాదాయం అప్పుపై వడ్డీకి సరిపోతేనే దాన్ని ఉత్పాదక పని అనాలి, మూలధనానికీ రాబడికీ విడివిడిగా పద్దులు రాయాలి. ఈ గీటురాయి అంచనాలను గట్టిపరిచింది నిజమే, కాని కొత్త ఒరుగుదలను కూడా తెచ్చిపెట్టింది. పథకం ఆమోదం పొందాలంటే రాబడి అంకె ఒక గీతను దాటాలి. గీత ఎక్కడుందో ముందే తెలిసిన ఇంజనీరు చేతిలో రాబడి అంకె ఆ గీతకు కాస్త పైన తేలడం ఆశ్చర్యం కాదు. మరోపక్క కరువు సీమల పథకాలు ఎంత అవసరమైనా ఈ గీతను దాటలేక మూలపడ్డాయి.

ఈ చిక్కును విడదీసింది కరువు సంఘాలే. రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన 1880లో నివేదిక ఇచ్చిన సంఘం, కరువు నుంచి కాపాడే పనులను లాభం తెచ్చే పనులతో కలిపి తూచకూడదన్న అభిప్రాయాన్ని స్థిరపరచింది. రక్షణ పనులు అన్న వేరే తరగతి అలా వాడుకలోకి వచ్చింది. 1901–03 నాటి నీటిపారుదల కమిషన్ ఈ ఆలోచనను మరింత ముందుకు తీసుకుపోయింది. ఈజిప్టు నీటిపారుదలలో పేరుపొందిన కాలిన్ స్కాట్–మాన్‌క్రీఫ్ అధ్యక్షుడుగా, మద్రాసుకు చెందిన దివాన్ బహద్దూర్ పి. రాజరత్న మొదలియార్ సభ్యులలో ఒకరుగా ఏర్పడిన ఆ కమిషన్ రాష్ట్రం తరువాత రాష్ట్రం తిరిగి, ఇంజనీర్లతో పాటు రెవెన్యూ అధికారులను, భూస్వాములను, సాగుదారులను పిలిపించి సాక్ష్యం నమోదు చేసి, ఆ సాక్ష్యాలను సంపుటాలుగా అచ్చువేయించింది. కాలువ లేకపోతే ఒక ఎకరాకు కరువు సహాయం కింద సగటున ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టి, ఆ మేరకు నష్టం భరించి కూడా కాలువ కట్టవచ్చునన్నది దాని వాదన. రక్షణ పనికి లాభం చూపించవలసిన ఒత్తిడి లేకపోతే రాబడిని పెంచి రాయవలసిన పని కూడా ఉండదు. అంచనా వేసేవారిని నిజాయితీగా ఉండమని బోధించడం కంటే, అబద్ధం అవసరం లేని పద్దును ఏర్పరచడం ఎక్కువ ఫలించిందని చెప్పాలి. అయినా ఆ సాక్ష్యాలిచ్చిన సాగుదారుల్లో పెద్ద కమతాలవారే ఎక్కువ. చిన్న రైతు, కూలీ ఆ సంపుటాల్లో ఇతరుల మాటల ద్వారానే వినిపిస్తారు.

ఈ ఒరుగుదలలకు శాస్త్రీయమైన పేర్లు దొరకడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. అమెరికాలోని ర్యాండ్ సంస్థలో నార్మన్ డాల్కీ, ఓలాఫ్ హెల్మర్ 1951లో ఏడుగురు నిపుణులతో ఒక ప్రయోగం చేశారు. అణుబాంబులకు సంబంధించిన ఒక అంచనాను ఎవరికి వారు విడిగా రాసి ఇవ్వాలి, ఎవరిది ఏదో చెప్పకుండా కారణాలను అందరికీ చూపిస్తారు, తరువాత ఎవరికి వారు తమ అంకెను సవరించుకోవచ్చు. మొదట 50 నుంచి 5,000 వరకు చెల్లాచెదురుగా ఉన్న అంకెలు చివరికి 167కూ 360కీ మధ్యకు చేరాయి. దీనికి డెల్ఫీ పద్ధతి అని పేరు వచ్చింది. పేరు చెప్పకుండా రాయించడంలోని మర్మం తెలుగు కార్యాలయాల్లో పనిచేసినవారికి వివరించనక్కరలేదు. సమావేశంలో పెద్ద అధికారి ముందుగా నోరు విప్పితే మిగిలినవారి అంచనాలన్నీ ఆయన అంచనా చుట్టూ చేరతాయి. 1850ల తరువాత కాటన్ ఉన్న గదిలో జరిగినది కూడా అదే అయి ఉంటుంది. సంఖ్యలు దగ్గరపడినంత మాత్రాన అవి నిజానికి దగ్గరపడ్డాయని కాదన్న విమర్శ డెల్ఫీ పద్ధతిపై మొదటినుంచీ ఉంది, అది తేలికగా తోసేయదగినది కాదు.

1970ల చివర డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు, పని తలపెట్టినవారు దాని లోపలి వివరాలనే చూసి కాలాన్నీ ఖర్చునూ తక్కువగా ఊహిస్తారని, అటువంటి పాత పనులు నిజంగా ఎలా ముగిశాయో చూస్తే అంచనా చక్కబడుతుందని ప్రతిపాదించారు. డెన్మార్క్‌కు చెందిన బెంట్ ఫ్లూబియర్, సహచరులతో కలిసి 2002లో ప్రచురించిన పరిశోధనలో 258 రవాణా నిర్మాణాలను పరిశీలించి, ప్రతి పదింటిలో దాదాపు తొమ్మిదింటికి అంచనా మించి ఖర్చయిందని, 70 ఏళ్లలో ఈ ధోరణి ఏమీ మెరుగుపడలేదని తేల్చాడు. 2000లో వెలువడిన ప్రపంచ ఆనకట్టల కమిషన్ నివేదికలో 81 పెద్ద ఆనకట్టల ఖర్చు సగటున 56 శాతం పెరిగినట్టు ఉంది. పోలికకు తగిన పాత పనుల గుంపును ఎంచుకుని, వాటి అనుభవాన్ని బట్టి కొత్త అంచనాను సవరించే పద్ధతిని బ్రిటన్ ఖజానా శాఖ తరువాత తన నిబంధనల్లో చేర్చుకుంది. అయితే కేసీ కాలువ చెప్పే పాఠం ఇక్కడ కూడా అక్కరకు వస్తుంది: గుంపును ఎంచుకునేవాడి చేతిలోనే మళ్లీ మొగ్గు ఉంటుంది. కాటన్ కూడా పాత పనులతోనే పోల్చాడు, కాకపోతే ఆ గుంపులో డెల్టాలు తప్ప మెట్టసీమలు లేవు.

కేసీ కాలువ తరువాతి చరిత్ర ఆ తొలి అంచనాను వింతగా కొంత సమర్థిస్తుంది. పడవల రాకపోకలు 20వ శతాబ్దంలో నిలిచిపోయాయి గాని, పారుదల నిలబడింది. ఇవాళ ఆ కాలువకు సుమారు 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్ దానికి 39.9 టీఎంసీల నీరు కేటాయించింది, అంత నీరు అందడం లేదని చివరి భూముల రైతులు ఏటా ఆందోళన చేస్తున్నారు. ఒకనాడు నీరు వద్దన్న సీమలో ఇప్పుడు నీటికి కొట్లాట. జనాభా, బియ్యం ధర, రోడ్లు, కొత్త వంగడాలు అన్నీ మారాయి కనుక గిరాకీ వచ్చింది. కాటన్ చెప్పినది జరిగింది, జరగడానికి అతను చెప్పిన గడువు మాత్రం చాలలేదు. వడ్డీ కట్టవలసిన ఖజానాకు ఆ గడువే అన్నిటికంటే ముఖ్యం.

రైతును లెక్కలోకి తీసుకోవడంలో ఆంధ్రప్రదేశ్ వేసిన పెద్ద అడుగు 1997 నాటి చట్టం. దాని ప్రకారం కాలువల కింద నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడగా, 10 వేల పైచిలుకు సంఘాలకు ఆ ఏడాది జూన్‌లో ఎన్నికలు జరిగాయి. అంతకుముందు ఒకే కాలువ కింద సాగు విస్తీర్ణానికి నీటిపారుదల శాఖది ఒక అంకె, రెవెన్యూ శాఖ సాగు పద్దులైన అడంగళ్లలో మరొకటి, వ్యవసాయ శాఖది ఇంకొకటి ఉండేవి; ఏ శాఖ అంకె ఆ శాఖ అవసరానికి అనుగుణంగా ఉండేది. తహసీలు సిబ్బంది చేలగట్ల మీద తిరిగి పైరును అడంగల్‌తో సరిచూసుకునే పాత అజమాయిషీని సవరించి, మూడు శాఖలవారూ రైతు సంఘం ప్రతినిధులతో కలిసి ఒకేసారి పొలంలో నిలబడి విస్తీర్ణాన్ని నిర్ణయించే జాయింట్ అజమాయిషీని ప్రవేశపెట్టారు. అప్పటికే నీటి తీరువాను మూడింతల మేర పెంచి ఉన్నందున ఎకరాలు తక్కువగా నమోదు కావడం రైతుకు లాభం. కాలువ మరమ్మతుల నిధులు విస్తీర్ణాన్ని బట్టి వస్తాయి కనుక ఎకరాలు ఎక్కువగా నమోదు కావడం అదే రైతు సభ్యుడుగా ఉన్న సంఘానికి లాభం. తగ్గించమనే చేయీ, పెంచమనే చేయీ ఒకే గట్టు మీద కలుసుకోవడం వల్ల ఆ ఎకరం అంకెను ఏ ఒక్క పక్షమూ తన ఇష్టానికి రాసుకోవడం అంతకు ముందుకంటే కష్టమైంది.